కీ ఆన్ చేసినా ఇంజిన్ లైటు రావడం లేదా? మీటర్ బోర్డు మార్చే ముందు ఎర్త్ ఇచ్చి చూడండి

మీటర్ బోర్డుకి అడ్వాన్స్ ఇవ్వకపోయి ఉంటే ఆగండి. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: 2013 మోడల్ పెట్రోల్ కారు, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు, కీ ఆన్ చేస్తే ఆయిల్ లైటూ బ్యాటరీ లైటూ వస్తున్నాయి కానీ ఇంజిన్ లైటు ఒక్కటే రావడం లేదు, పైగా మైలేజీ తగ్గింది. మెకానిక్ ఏమో "లైటు రాకపోతే మంచిదేగా సార్, కావాలంటే మీటర్ మార్చేద్దాం" అన్నాడు. మంచిది కాదండీ. కీ ఆన్ చేసి ఇంకా సెల్ఫ్ కొట్టకముందు ఆ లైటు వెలిగి తీరాలి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అలా వెలగలేదంటే రేపు సెన్సర్ పోయినా మీకు తెలిసే దారి లేదు, మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం) గట్టిగా అవుతుంటే అదే లైటు టపటపా కొట్టుకుని హెచ్చరించాలి, ఆ హెచ్చరిక కూడా రాదు, క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే భాగం) మాడిపోయాక ఆ ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

ముందు ఒక చౌక పని చేయండి. కారు కంప్యూటర్‌ని ఫోన్‌కి కలిపే బ్లూటూత్ ఈఎల్ఎం327 అడాప్టర్ ఒకటి కొని స్టీరింగ్ కింద ఉన్న ఓబీడీ పోర్టుకి (స్కానర్ పెట్టే సాకెట్) పెట్టి ఫోన్‌లో యాప్ తెరవండి. ఎర్రర్ కోడ్లు ఉన్నాయా లేవా అన్నది ఒకటి, దాంతోపాటు ఇంజిన్ లైటు స్టేటస్ ఆన్ అని చూపిస్తుందా అన్నది అంతకన్నా ముఖ్యం. యాప్‌లో ఆన్ అని ఉండి, ఇంజిన్ నడుస్తున్నా మీటర్‌లో చీకటిగా ఉంటే ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) లైటు వేయమని చెబుతోంది, ఆ మాట బల్బు దాకా చేరడం లేదు, అంతే. చాలా కార్లలో ఆ లైటు ఆన్ అయ్యాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కూడా కనిపిస్తుంది. ఇదే సమస్య వచ్చిన నా కారులో అది వేలల్లో ఉంది, అంటే నాకు అమ్మినాయన చేతిలో ఉన్నప్పటినుంచే ఆక్సిజన్ సెన్సర్ హీటర్ కోడ్ అలా పడి ఉందన్నమాట. మీ మైలేజీ సంగతి కూడా ఆ కోడ్లలోనే తేలొచ్చు.

ఇప్పుడు సర్క్యూట్. ఈ కాలం కార్లలో చాలావరకు మీటర్‌కీ ఈసీఎమ్‌కీ మధ్య క్యాన్ లైన్ (కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే డేటా వైర్లు) మీద మెసేజ్ వెళ్తుంది, వాటికి నేను కింద చెప్పే పద్ధతి పనికిరాదు. పాతవాటిలో ఇంత తతంగం లేదు. కీ ఆన్ చేయగానే ఫ్యూజ్ ద్వారా 12 వోల్టులు బల్బుకి ఒక వైపు వస్తాయి, రెండో వైపు నుంచి ఒక వైరు ఈసీఎం దాకా పోతుంది, ఈసీఎం ఆ వైరుకి లోపల ఎర్త్ ఇస్తే, అంటే బ్యాటరీ నెగటివ్‌కి కలిపితే, లైటు వెలుగుతుంది. మీది ఇలాంటి పాత రకమే అయితే, మీ కారు స్టార్ట్ అవుతోంది కాబట్టి ఈసీఎమ్‌కి కరెంటు అందుతోంది. మిగతా లైట్లు వస్తున్నాయి కాబట్టి మీటర్ ఫ్యూజూ బాగానే ఉన్నట్టు. ఇక మిగిలింది బల్బు, ఆ ఒక్క వైరు, ఈసీఎం లోపలి డ్రైవరు (ఆ వైరుకి ఎర్త్ ఇచ్చే స్విచ్చు లాంటి భాగం). ఈ మూడిట్లో ఏదో తేల్చకుండా మీటర్ మార్చమనడం గుడ్డి దెబ్బే.

తేల్చడం ఎలాగంటే, మీ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ సంపాదించి ఈసీఎం కప్లర్‌లో (వైర్ల ప్లగ్గు) ఆ లైటు పిన్ను ఏదో, వైరు రంగు ఏదో ఖాయం చేసుకోండి, అంచనాతో మాత్రం వద్దు. కీ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ తీసి, ఈసీఎం కప్లర్ ఊడదీయండి. మళ్లీ నెగటివ్ పెట్టి కీ ఆన్ చేసి, వైరింగ్ వైపు కప్లర్‌లోని ఆ పిన్నుకి ఒక చిన్న ఫ్యూజు ఉన్న వైరుతో బాడీ ఎర్త్ ఇవ్వండి. లైటు వెలిగిందా, బల్బూ వైరూ రెండూ బాగున్నాయి, అనుమానం ఈసీఎం మీద, లేదా దాని పిన్ను లూజు అయి ఉండొచ్చు. వెలగలేదా, ఈసీఎమ్‌ని వదిలేసి మీటర్ వైపు వెళ్లండి.

ఇక్కడే చాలామంది మల్టీమీటర్‌ని నమ్మి దెబ్బతింటారు. నా కారు చూసిన మొదటి షాపులో ఇదే జరిగింది: ఈసీఎం కప్లర్ ఊడదీసి ఆ పిన్ను దగ్గర మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు నిక్షేపంగా చూపించింది, కాబట్టి బల్బు బాగుంది, వైరు బాగుంది, ఈసీఎం పోయింది అని తేల్చేశారు. ఈసీఎం రేటు విని నాకు టెన్షన్ పట్టుకుంది. తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన వైరింగ్ ఆయన దగ్గరికి తీసుకెళ్తే ఆయన వోల్టేజీ చూడనే లేదు, నేరుగా ఆ పిన్నుకి ఎర్త్ ఇచ్చాడు. లైటు రాలేదు! ఆ ఎర్త్ అలాగే ఉంచి, మీటర్ బోర్డు వెనక అదే వైరు మీద మల్టీమీటర్ పెడితే అక్కడ ఇంకా 12 ఉంది. బల్బు మీద వోల్టేజీ పడడమే లేదు, మొత్తం మధ్యలోనే ఎక్కడో ఆగిపోతోంది. మల్టీమీటర్ లాగే కరెంటు దాదాపు సున్నా, కాబట్టి పిన్నుకి చిలుము పట్టినా దానికి 12 కనిపిస్తూనే ఉంటుంది. బల్బుకి మాత్రం 100 మిల్లీఆంపుల అటూ ఇటూ కరెంటు కావాలి, అది అందులోంచి పోదు. అందుకే ఎర్త్ ఇచ్చి లోడు మీద చూడమంటున్నాను.

చివరికి దొరికింది ఎడమ సీటు ముందు, కాళ్ల దగ్గర ప్లాస్టిక్ ప్యానెల్ వెనకున్న జంక్షన్ కప్లర్‌లో. ముందు అద్దం కింద నీళ్లు పోయే దారి ఆకులతో మూసుకుపోయి, వర్షం పడ్డప్పుడల్లా నీరు హార్నెస్ (వైర్ల కట్ట) వెంటే కారి అందులో చేరేది. కప్లర్ విప్పితే మిగతా పిన్నులు ఇత్తడి రంగులోనే ఉన్నాయి, ఈ ఒక్కటి పచ్చగా ఉబ్బిపోయి, సూదితో గీరితే పొడి రాలింది, వైరు కొద్దిగా లాగితే చేతిలోకి వచ్చేసింది. ఆ చివర కత్తిరించి కొత్త టెర్మినల్ కొట్టి, ఆకులు తీసేశాక కీ ఆన్ చేస్తే లైటు వచ్చింది. మీరు కూడా ఆ మూల కార్పెట్ ఎత్తి తడి ఉందేమో చెయ్యి పెట్టి చూడండి, ఎలుకలు కొరికాయేమో కూడా.

సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఇంకొకటి. మీటర్ విప్పినప్పుడు బల్బు అసలు ఉందా, దాని మీద నల్ల టేప్ అంటించారా చూడండి. కొందరు ఇంకా తెలివిగా ఈ బల్బుని ఆయిల్ లైటుకి కలిపేస్తారు, కీ ఆన్ చేస్తే వెలుగుతుంది, స్టార్ట్ చేస్తే ఆరుతుంది, కొనేవాడికి అనుమానమే రాదు. మీ కేసు అది కాదులెండి, మీకు అసలు వెలగడమే లేదు.

స్టీరింగ్ దగ్గర పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి వెళ్లకండి. ఈసీఎం పిన్నుల్లో లావు టెస్టర్ మొనలు దూర్చకండి, పిన్ను వెడల్పై కొత్త సమస్య మొదలవుతుంది.

మీ లైటు బాగయ్యాక అది ఆరకుండా వెలుగుతూనే ఉంటే రిపేరు ఫెయిలైందని అనుకోకండి, లోపల దాక్కున్న కోడ్లు ఇప్పుడు బయటపడ్డాయి, అంతే. నాకు అలాగే అయింది, సెన్సర్ మార్చాక ఆరింది. కోడ్లు ఏమొచ్చాయో, ఎర్త్ ఇస్తే వెలిగిందో లేదో ఇక్కడే రాయండి, దాన్నిబట్టి తర్వాత ఏ కప్లర్ విప్పాలో చెబుతాను.