గుర్తించేది మీడియమా, మనమా?

సందేహం: డిగ్రీ విద్యార్థుల కోసం మైక్రోబయాలజీ నోట్సు తెలుగులో రాస్తున్నాను. ‘వర్ధన యానకాలు ఎంజైమ్ చర్యల ద్వారా సూక్ష్మజీవులను గుర్తిస్తాయి’ అని రాశాను. యానకం అంటే ఎవరికీ తెలీదు, కల్చర్ మీడియం అనెయ్ అంటున్నాడు మా ఫ్రెండు. ఏది సరైనది?

సమాధానం: సూక్ష్మజీవులను పెంచడానికి వాడే పోషక పదార్థానికి రెండూ సరైన పేర్లే, మీ ఇద్దరికీ పేచీ అక్కర్లేదు. కణజాల వర్ధనం గురించి తెలుగులో చదువుకున్నవాళ్లకి వర్ధన యానకం కొత్త మాటేమీ కాదు, ల్యాబ్‌లో పనిచేసేవాళ్ల నోట ఎలాగూ మీడియమే వస్తుంది. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే వాడండి, చాలు. నాకు మీ వాక్యంలో చిక్కు కనబడింది ఆ మాట దగ్గర కాదు, క్రియ దగ్గర.

గుర్తించేది మీడియం కాదండీ, మనం. ప్లేటులో జరిగేది వేరే. పిండిపదార్థం కలిపిన స్టార్చ్ అగార్ మీడియం మీద బాసిల్లస్ సబ్టిలిస్‌ను ఒక గీతలా పూసి, ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచారనుకోండి. ఆ బాక్టీరియా తన ఎంజైమ్ అమైలేజ్‌ను బయటికి వదిలి చుట్టుపక్కల పిండిపదార్థాన్ని విడగొట్టేస్తుంది, కానీ అప్పటికి కంటికి పెద్దగా తేడా కనబడదు. పైన అయోడిన్ పోస్తే పిండి మిగిలిన చోటల్లా ముదురు నీలం తేలి, గీతకు రెండు పక్కలా మాత్రం తేటగా ఉండిపోతుంది. పక్కనే అమైలేజ్ వదలని ఇ. కోలై బాక్టీరియా గీత ఉంటే దాని అంచుదాకా నీలమే. ఇంత జరిగాక ‘బాక్టీరియా రంగు మార్చింది’ అని రాస్తే ఎలా? పిండిని విడగొట్టింది ఎంజైమ్, నీలం తెచ్చింది అయోడిన్, చూసి పోల్చుకున్నది మనం.

కర్తను మింగేసి మాట్లాడటం తెలుగులో మామూలే, ‘రంగు మారింది’ అంటే కబుర్లలో సరిపోతుంది. ఈ సబ్జెక్టులో మాత్రం దేని రంగో చెప్పి తీరాలి. యూరియా అగార్‌లో యూరియేజ్ అనే ఎంజైమ్ యూరియాను విడగొడితే అమ్మోనియా పుడుతుంది, క్షారగుణం పెరుగుతుంది, అందులో ముందే కలిపిన ఫినాల్ రెడ్ అనే సూచిక వల్ల మీడియమే గులాబీ రంగుకు తిరుగుతుంది. ఎక్స్-గాల్ (ఎంజైమ్ విడగొడితే నీలం రంగునిచ్చే పదార్థం) కలిపిన ప్లేటులో అలా కాదు, బీటా గెలాక్టోసిడేజ్ అనే ఆ ఎంజైమ్ ఉన్న కాలనీలు, అంటే బాక్టీరియా గుంపులు, నీలంగా తేలతాయి, చుట్టూ మీడియం దాదాపు ఎప్పటిలాగే ఉంటుంది. రెండింటికీ ‘రంగు మారింది’ అని సరిపెడితే చదివే పిల్లలు పరీక్షలో తారుమారు చేస్తారు.

ఇక ‘ద్వారా’. పని జరిపించే సాధనానికైతే అది సరే, కానీ ఇక్కడ ఎంజైమ్ మన చేతిలో పనిముట్టు కాదు, మనకి దొరికిన ఆనవాలు. ‘ఎంజైమ్ చర్యను బట్టి’ అనండి. ద్వారాను అన్నిచోట్లా గుమ్మరించడం ఈమధ్య మరీ ఎక్కువైంది!

‘గుర్తించడం’ బదులు ‘నిర్ధారించడం’ అని మాత్రం మార్చకండి. ఇ. కోలైలో చాలా రకాలకు బీటా గ్లూకురోనిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అందుకే ఆ ఎంజైమ్ విడగొట్టే మగ్ అనే పదార్థం కలిపిన మీడియం మీద పెంచి అతినీలలోహిత కాంతిలో చూస్తే నీలంగా మెరుస్తాయి. ప్రమాదకరమైన ఓ157:హెచ్7 రకం మాత్రం సాధారణంగా మెరవదు, పైగా షిగెల్లా, సాల్మొనెల్లా అనే వేరే బాక్టీరియాల్లోనూ కొన్ని రకాలకు ఆ ఎంజైమ్ ఉంటుంది. ఒక్క మెరుపుతో నిర్ధారణ అయిపోదు, మిగతా పరీక్షలు కూడా కలవాలి.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘సూక్ష్మజీవికి ఫలానా ఎంజైమ్ ఉందో లేదో బయటపడేలా కొన్ని మీడియంలను తయారుచేస్తారు. వాటి మీద కనిపించే రంగును, తేట వలయాన్ని బట్టి అది ఏ జీవి కావచ్చో గుర్తుపడతారు.’

‘చర్యలు’ అని బహువచనం కూడా అక్కర్లేదు, ‘చర్య’ చాలు. ‘క్రియాశీలత’ అనే మాటను ఎంజైమ్ ఎంత చురుగ్గా పనిచేస్తోందో యూనిట్లలో కొలిచే చోటికి అట్టేపెట్టుకోండి.