ముందు పైకెక్కి చూడు, తర్వాతే మంట

సునాబెడా

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు నిన్న రాత్రి మీ అత్త ఫోన్లో పెద్దవి చేసి చూశాను. పొట్టంగి దారిలో నువ్వు కొన్న ఇంటి గోడ మీద, పొగగొట్టం పెట్టె కిందుగా, గోధుమరంగు చార ఒకటి కప్పు దగ్గర్నుంచి కిటికీ దాకా దిగింది. అది చూసిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. దసరా సెలవులకి దేవమాలి కొండ చూడ్డానికి వచ్చేవాళ్లకి గదులిస్తామని, రాత్రిపూట ఆ ఫైర్‌ప్లేస్‌లో మంట వేస్తామని రాశావు. వెయ్యొద్దు అల్లుడూ. మిగతాది తీరిగ్గా చదువుకో, ఈ ఒక్క మాట మాత్రం ఇప్పుడే పట్టించుకో.

ఇటుకలతో కట్టిన పొగగొట్టం మన వంటింట్లో చూసి పెరిగినవాడివి. ఇది ఆ జాతిది కాదు. ఇల్లు కట్టించినాయన విదేశం నుంచి ఓడలో తెప్పించుకున్న ఫ్యాక్టరీ సరుకు. మంట మండే పెట్టె రేకుదే. లోపల ఇటుకల్లా కనిపించేవి వేడి తట్టుకునే పలకలు. పైకి పోయే గొట్టం ఒకదాంట్లో ఒకటి దూర్చిన రెండు రేకు గొట్టాలు, నడుమ గాలి. ఆ గాలి కదులుతూ ఉంటేనే బయటి గొట్టం చల్లగా ఉంటుంది. చుట్టూ చెక్క ఫ్రేము, దానికి సిమెంటు బోర్డు, నెత్తిన రేకు మూత, మూత పైన వానటోపీ. అమెరికాలో ఇలాంటి సామాను అంతా కలిపి ఒకే సెట్టుగా పరీక్షిస్తారు. ఫైర్‌ప్లేస్‌కి యూఎల్ (అక్కడి భద్రతా పరీక్షల సంస్థ) 127 అనీ, గొట్టానికి యూఎల్ 103 అనీ నంబర్లుంటాయి. మంటపెట్టె లోపల, ముందు అంచు దగ్గర మోడల్ నంబరున్న చిన్న రేకు బిళ్ల కోసం టార్చి వేసి వెతుకు. దొరికితే ఫోటో తీసి పంపు. ఒక కంపెనీ ముక్కకి ఇంకో కంపెనీ ముక్క అతికించి పని నడిపించెయ్యడం ఇందులో కుదరదు.

ఇటుక గొట్టం మనం చేసిన తప్పుని ఏళ్ల తరబడి కాస్తుంది. రేకు కాయదు. దాని మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ. మన కొండల మీద జూన్‌లో మొదలైన ముసురు దసరా దాకా వదలదు, ఆ తర్వాత మంచు. ఎండ మొహం చూడని రేకు ఏమవుతుందో విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీలో రేకు పనిచేసి రిటైరైన నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

నీ గోడ మీది చార మూత తుప్పు. నేను రూఢిగా చెప్పగలను. వీటికి ఇచ్చే మూత మామూలుగా జీఐ రేకుది, అంటే జింకు పూసిన ఇనప రేకుది, పైగా బల్లపరుపుగా ఉంటుంది. నడిమధ్య కొంచెం కుంగుతుంది, అక్కడ వాన నీళ్లు పళ్లెంలో నిలిచినట్టు నిలుస్తాయి. ముందు తెల్లటి పొడి పుడుతుంది, జింకు పూత పోతుంది, తర్వాత ఎర్రతుప్పు, ఆ తర్వాత సూదిబెజ్జాలు. అక్కణ్నుంచి నీళ్లు బయటి గొట్టం మీదుగా జారి చెక్క ఫ్రేములోకి, కింద మంటపెట్టె నెత్తి మీదికి చేరతాయి. వానాకాలం రాత్రిళ్లు టప్ టప్‌మని చప్పుడు వస్తోందని మీ ఆవిడ చెప్పిందట కదా, అది అదే. ఇంట్లో తడిసిన మసి వాసన వస్తోందంటే నీళ్లు లోపలి గొట్టంలోకి కూడా దిగుతున్నాయన్నమాట.

కాబట్టి పని పైనుంచి మొదలుపెట్టు. వాన తెరిపిచ్చి రెండు రోజులు ఎండ కాసాకే ఎక్కు. మీ పెంకుల మీద పాచి ఎలా ఉంటుందో నాకు తెలుసు. నడుముకి తాడు కట్టుకో, కింద ఒక మనిషిని ఉంచుకో. మూత మీద ఒక చెంబుడు నీళ్లు పొయ్యి. అంచుల నుంచి జారిపోతే సరే. మధ్యలో నిలిచిందంటే ఆ మూత పని అయిపోయింది. తారు రాయించి ఇంకో ఏడాది గడుపుదామని అక్కడ ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఒప్పుకోకు. తారు కింద తుప్పు కనపడకుండా పెరుగుతుంది, పైగా వేడి గొట్టం పక్కన తారు ఉండనే కూడదు.

కొత్త మూత మనమే చేసుకోవచ్చు. 24 గేజి స్టెయిన్‌లెస్ రేకు, 304 రకం కావాలి. దుకాణంలో అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు చూడండి, అసలు సరుకు అంటారు. చవక 202 రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు, కానీ తడికి అది త్వరగా మచ్చలు పడుతుంది. విశాఖలో పెద్ద దుకాణంలో, గ్రేడు రాసిన బిల్లుతో కొను. రేకుకి మూల నుంచి మూలకి రెండు గీతలు మడిచి నడిమి భాగం కాస్త ఎత్తు చెయ్యాలి, నీళ్లు నాలుగు వైపులా పారాలి. అంచులు గోడ మీదుగా 3 అంగుళాలు కిందికి వేలాడాలి. వాటి కొస అర అంగుళం బయటికి వంగి ఉండాలి, బొట్టు గోడ మీదికి కాకుండా గాల్లోకి పడాలి. గొట్టం వచ్చే రంధ్రం చుట్టూ 2 అంగుళాల ఎత్తు గట్టు లేపాలి. ఆ గట్టు మీదికి గొడుగులా ఒక కాలర్ రేకు గొట్టానికి బిగించి, పైఅంచున వేడి తట్టుకునే సిలికాన్ వెయ్యాలి.

ఇక్కడే చాలామంది పనివాళ్లు పొరపాటు చేస్తారు. గట్టిగా ఉంటుందని మూతని గొట్టానికి రివెట్లు కొట్టేస్తారు. స్టెయిన్‌లెస్ గొట్టం వేడికి పెరుగుతుంది అల్లుడూ. 15 అడుగుల లోపలి గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే ఇంచుమించు ఒక అంగుళం పొడుగు సాగుతుంది, చల్లారాక మళ్లీ దిగుతుంది. మంట వేసిన ప్రతి రాత్రీ ఇది జరుగుతుంది. కదలకుండా బిగించేస్తే ఎక్కడో ఒక అతుకు విడిపోతుంది, అది నీకు కనపడని చోటే విడిపోతుంది. అందుకే మూత గోడకి బిగుసుకోవాలి, గొట్టం మాత్రం గట్టులో స్వేచ్ఛగా ఆడాలి.

స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్‌వే వాడు. మామూలు ఇనప స్క్రూ వేస్తే ఏడాది తిరగకుండా దాని చుట్టూ ఎర్ర బొట్టు కడుతుంది. గొట్టం తోమడానికి మామూలు ఇనప తీగల బ్రష్షు దగ్గరికి రానివ్వకు. ఆ ఇనప నలుసులు స్టెయిన్‌లెస్‌లో గుచ్చుకుని మంచి రేకుకి తుప్పు అంటిస్తాయి. ఫ్యాక్టరీలో ఇనుము కోసిన కత్తెర మాకు స్టెయిన్‌లెస్ బల్ల మీద పెట్టనిచ్చేవారు కాదు.

పైనున్నప్పుడే టోపీ విప్పి జాలీ చూడు. మసి పేరుకుని కన్నాలు మూసుకుపోయి ఉంటాయి. పిట్టగూళ్లు, కందిరీగలు కూడా ఉంటాయి, ముందు దూరం నుంచి కర్రతో తట్టి చూసుకో. గొట్టం ఎత్తు కూడా కొలువు. కప్పులోంచి బయటికి వచ్చిన చోటు నుంచి కనీసం 3 అడుగులు, 10 అడుగుల లోపున్న కప్పు కంటే, గోడ కంటే 2 అడుగులు ఎత్తుండాలి. మీ ఇంటి వెనక కొత్తగా మేడ గది లేపావు కదా, దాని గోడ దగ్గరైతే గాలి తిరగబడి పొగ లోపలికే వస్తుంది.

ఇప్పుడు లోపలి సంగతి. ఫోన్‌ని ఒక పొడవాటి వెదురుకి కట్టి, లైటు వేసి, వీడియో పెట్టి గొట్టంలోకి మెల్లగా పంపు. మసి మూడు రకాలు. పొడిగా బ్రష్షుకి రాలేది ఒకటి. నల్లగా పెచ్చులు పెచ్చులుగా, అప్పడం ముక్కల్లా ఊడేది రెండోది. గాజు పూసినట్టు నిగనిగలాడుతూ అతుక్కున్నది మూడోది. ఈ మూడోది కనపడితే నువ్వు ముట్టుకోకు. అది గట్టిపడ్డ తారే, అంటుకుందంటే గొట్టంలో వెయ్యి డిగ్రీలు దాటిన మంట లేస్తుంది. పొడి మసైనా 3 మిల్లీమీటర్ల మందం చేరిందంటే తోమించాల్సిందే. మసి సంగతి ఎలా ఉన్నా, ఏడాదికోసారి మొత్తం చూసుకోవడం తప్పదు.

మసి తీశాక రేకుని చూడు. అతుకుల దగ్గర ఉబ్బిందా, లోపలికి నొక్కుకుపోయిందా, నీలం ఊదా రంగుల పొరలు ఉన్నాయా? అవి ఉన్నాయంటే ఎప్పుడో ఆ గొట్టం ఒకసారి లోపలే మండి ఉండవచ్చు. తుప్పు బెజ్జం కనపడినా అంతే. లోపలి గొట్టానికి అతుకు వెయ్యకూడదు, సిమెంటు పూయకూడదు. అదే కంపెనీ గొట్టం దొరికితే మార్చు. దొరక్కపోతే మొత్తం తీసేసి కొత్తది పెట్టు, లేదంటే ఆ ఫైర్‌ప్లేస్ నోరు మూసి ఎలక్ట్రిక్ హీటర్ పెట్టుకో. పాత గొట్టంలోకి ఇంకో సన్నగొట్టం దింపుతామనేవాళ్లు ఉంటారు. తయారుచేసిన కంపెనీ అనుమతిస్తే తప్ప వద్దు, నడుమనున్న గాలి లెక్క అంతా మారిపోతుంది.

ఈ గాలి సంగతి నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 1998 చలికాలంలో ఒక తోట బంగళాలో ఇలాంటిదే బాగుచెయ్యమని పిలిచారు. రెండు గొట్టాల నడుమ నుంచి చల్లగాలి గదిలోకి దిగుతోందన్నారు. నేను ఆ సందులో గాజుదూది కూరి, పైన సిమెంటు మెత్తాను. చలిగాలి ఆగింది, అందరూ మెచ్చుకున్నారు. మూడు వారాలకి కాపలా మనిషి వచ్చి గోడ వేడిగా ఉంది, రంగు బుడగలు కడుతోంది అన్నాడు. బోర్డు విప్పి చూస్తే గొట్టం పక్కన దూలం అరచేతి మందాన నల్లబడి బొగ్గైపోయింది. చేత్తో గీరితే రాలింది. చెక్క రోజూ కొంచెం కొంచెం కాలుతూ ఉంటే క్రమేపీ తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది. ఇంకో వారం గడిచి ఉంటే ఆ గదిలో పడుకున్న పిల్లలు ఏమయ్యేవారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. గొట్టం బయటి రేకుకీ చెక్కకీ కనీసం 2 అంగుళాల ఖాళీ ఉండాలి, ఆ ఖాళీలో ఏదీ ఉండకూడదు. నీ ఇంట్లో ఎవరైనా నాలాగే కూరి ఉంటే ముందు అది తీసెయ్యి.

మంటపెట్టెలో పలకలు వేలుగోరు దూరేంతగా పగిలితే మార్చుకో. వెంట్రుకవాసి గీతలకి ఖంగారు పడకు. బూడిద మాత్రం జూన్ నడుమ వచ్చే రజో పండగ నాటికి, తొలకరి పడకముందే, పూర్తిగా ఎత్తి పడేయి. వానాకాలమంతా బూడిద తేమ పీల్చుకుని అడుగు రేకుని తినేస్తుంది. పాత యజమాని చేసిన పెద్ద తప్పు అదేనని నా ఉద్దేశం.

కట్టెల సంగతి వినడానికి చిన్నదిగా ఉంటుంది కానీ, మసి పుట్టేది అక్కడే. సిల్వర్ ఓక్ కొమ్మలు కాఫీ తోటల నుంచి చవగ్గా వస్తున్నాయని రాశావు. పచ్చివి వెయ్యకు. చీల్చి, పైన రేకు కప్పి, పక్కలు గాలికి వదిలి కనీసం ఆరు నెలలు ఆరబెట్టు, మన తేమకి ఏడాదైతే ఇంకా మంచిది. నాలుగు కట్టెలకి గుర్తు పెట్టి, కిరాణా కొట్టు కాటా మీద ప్రతి ఆదివారం తూచి పలక మీద రాయించు. వారం వారం బరువు తగ్గడం ఆగిందంటే, ఆ రేకు కింద ఆరేంత ఆరిందన్నమాట. ఆపైన తేమ కొలిచే చిన్న మీటరు కొని, కట్టెని చీల్చి లోపలి వైపు గుచ్చి చూడు, 20 శాతం లోపుండాలి. ప్లాస్టిక్, రంగేసిన చెక్క, చెత్త అందులో పడకూడదని అతిథులకి కూడా చెప్పు. ప్లాస్టిక్ పైపు ముక్క కాలితే వచ్చే ఆమ్లపు ఆవిరి స్టెయిన్‌లెస్‌ని కూడా కొరికేస్తుంది.

మంచు పట్టిన రాత్రి గొట్టం చల్లగా ఉండి పొగ వెనక్కి దిగుతుంది. ముందు డ్యాంపర్ (గొట్టం దారిని మూసే రేకు తలుపు) తెరిచి, కాగితం చుట్టి వెలిగించి గొట్టం నోట్లోకి రెండు నిమిషాలు పట్టు. వేడి పైకి లాగడం మొదలయ్యాకే కట్టెలంటించు. చలని తలుపులు, కిటికీలు అన్నీ బిగించేసి పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. దానికి మోగే అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అతిథులు పడుకునే గదిలో ఒకటి పెట్టు. ఇది నా మాటగా కాదు, మీ అమ్మ మాటగా తీసుకో.

నెలాఖరులో సాలూరు నుంచి తమ్ముడి కారులో నేనే వస్తాను. నా రేకు కత్తెర, మడత కర్ర తెచ్చుకుంటాను. నువ్వు మూత పొడవు, వెడల్పు, గొట్టం బయటి చుట్టుకొలత మూడుసార్లు కొలిచి రాసి పంపు, రేకు విశాఖలోనే కోయిస్తాను. మూత మనిద్దరం ఒక రోజులో వేసేద్దాం. లోపలి గొట్టం వీడియో చూశాక, నవంబరులో కోరాపుట్‌లో పరబ్ ఉత్సవం జరిగేలోపు మంట వెయ్యాలో, ఫైర్‌ప్లేస్ నోరు మూసెయ్యాలో చెప్తాను. అప్పటిదాకా వచ్చినవాళ్లకి రెండు రగ్గులు ఎక్కువివ్వు, పెరట్లో నెగడు వెయ్యి.

ఉంటాను,
మావయ్య