డ్రాగన్ల ఆటకి పిలిస్తే వెళ్ళాలా, వద్దా?

ప్రశ్న: అక్కా, సియాటిల్ కొత్తగా వచ్చాను. శనివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడదాం రమ్మని మా టీమ్‌లో వాళ్ళు పిలిచారు. పాచికలు వేస్తారట, డబ్బు పెట్టాలా? అన్ని గంటలు ఇంగ్లీషులో వేషం కట్టి మాట్లాడాలంటే భయంగా ఉంది. ఏదైనా సాకు చెప్పేయనా?

జవాబు: సాకులు తర్వాతెప్పుడైనా పనికొస్తాయి, దాచుకో తమ్ముడూ. ఈసారికి వెళ్ళు.

ఇది జూదం కాదు, పైసా పెట్టక్కర్లేదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తెచ్చిన ఆట. ఇప్పుడు దీన్ని అచ్చువేసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ మీ పక్కనే, రెంటన్‌లోనే ఉంది. అమ్మమ్మ కథ చెబుతుంటే "రాజు అటు వెళ్ళడు, ఇటు వెళ్తాడు" అని మనం అడ్డుపడేవాళ్ళం, ఆవిడ కథ మార్చేసేది. ఇక్కడ అమ్మమ్మ స్థానంలో డీఎం, అంటే కథ నడిపే డంజన్ మాస్టర్, ఉంటాడు. మనం అనుకున్నది జరుగుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అంతే.

మా బల్ల దగ్గర ఒకసారి ఏం జరిగిందో చెప్తాను విను. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు మరుగుజ్జు పూజారి వేషం తీసుకున్నాడు. ఊళ్ళో తాడు కొనాలి, ధర ఒక బంగారు నాణెం. వీడు బేరం మొదలుపెట్టాడు. పాచిక వేస్తే పంతొమ్మిది పడింది, తాడు సగం ధరకి వచ్చింది, ఒక లాంతరు కొసరు కూడా. అక్కడితో ఆగాడా? పాడుబడ్డ గుడి గుమ్మం దగ్గర "బూట్లు బయట విప్పి లోపలికెళ్తున్నా" అన్నాడు. అందరూ నవ్వారు, డీఎం మాత్రం నవ్వకుండా కాగితం మీద ఏదో రాసుకున్నాడు. డీఎం అలా రాసుకుంటే ఏదో మూడిందని అర్థం.

లోపల ఒక భోషాణం. మనవాడు రెండు చేతులూ ఆనించి కళ్ళకద్దుకోబోయాడు. అది భోషాణం కాదు, మిమిక్ అనే జంతువు. ముట్టుకుంటే అంటుకుపోతుంది, తర్వాత కొరుకుతుంది. పాట పాడే బార్డ్ వేషంలో ఉన్న అమెరికన్ అమ్మాయి దగ్గర తిట్టి గాయపరిచే మంత్రం ఒకటుంది. ఆమెకి తిట్టు తోచలేదు. జిగురులో ఇరుక్కుని ఉన్నవాడే "నీ మొహం మండ" అని అందించాడు. ఆమె పలికిన తీరుకి మేము పడిపడి నవ్వాం. మిమిక్ మాత్రం నిజంగానే చచ్చింది.

బయటికొస్తే వాడి బూట్లు లేవు, గోబ్లిన్లు అనే పొట్టి రాక్షసులు ఎత్తుకుపోయాయి. రాజ్యం, డ్రాగన్, డీఎం కష్టపడి రాసుకున్న కథ అన్నీ పక్కకిపోయాయి, అందరం బూట్ల వెంట పడ్డాం. వాడికి ఆట రూల్స్ ఒక్కటీ తెలియవు, గుడి దగ్గర మనం చేసే పనే చేశాడు. ఆ రాత్రి వాడికంటే బాగా ఆడినవాళ్ళు లేరు.

యాస గురించి బెంగే అక్కర్లేదు. మరుగుజ్జు పాత్ర అనగానే వాళ్ళలో సగం మంది స్కాట్లండ్ యాస ఎత్తుకుంటారు, అదీ ఘోరంగా. ఆఫీసు లంచ్‌లో ఫుట్‌బాల్ గురించి నీకు తెలియదు కాబట్టి నోరు మూసుకుంటావు. ఇక్కడ గోబ్లిన్ గురించి అడిగితే చెప్పడానికి ఎగబడతారు.

మొదటిసారి మాంత్రికుడి వేషం అడక్కు, ఆ మంత్రాల జాబితా చదవడానికే రాత్రి అయిపోతుంది. సిద్ధంగా ఉన్న యోధుడి షీటు, అంటే ఆ పాత్ర వివరాలన్నీ రాసిన కాగితం, ఇమ్మను. పాచికలు వాళ్ళే ఇస్తారు, కొందరికి తమవి ఇతరులు ముట్టుకోవడం నచ్చదు కాబట్టి అడిగి తీసుకో. మూడు నాలుగు గంటలు పడుతుంది, మధ్యలో లేచి వెళ్ళాల్సొస్తే ముందే చెప్పు. శాకాహారివైతే అదీ ముందే చెప్పు, లేకపోతే పిజ్జా మీద పెపరోనీ ఉంటుంది. దయ్యాలూ రాక్షసులూ అని ఇంట్లో కంగారుపడితే, 1980ల్లో ఇక్కడి తల్లిదండ్రులు కొందరు ఇది సైతాను పూజేనని ఉత్తపుణ్యానికే హడలిపోయారని చెప్పు.

ఖాళీ చేతులతో వెళ్ళకు. జంతికలు పట్టుకెళ్ళు, బజ్జీలు మాత్రం వద్దు, షీట్లన్నీ నూనె అవుతాయి.