భర్త తప్పును కథలో దాచకు: ఒక యువ రచయిత్రికి ఉత్తరం

మల్లేశ్వరం, బెంగళూరు

అమ్మాయీ,

నీ కథ చదివి పక్కన పెట్టి, మళ్ళీ తీసి చదివాను. నన్ను మేడమ్ అని రాశావు. పెద్దమ్మా అను, చాలు.

డల్లాస్‌లో భర్త, మారతహళ్ళిలో పుట్టింట్లో భార్య, ఆమె దగ్గర ఇద్దరు పిల్లలు. దొంగతనం కేసులో శిక్ష పడిన మనిషిని అమెరికా డిపోర్ట్ చేసేస్తుందేమోనని ఇంటిల్లిపాదికీ భయం. తెలిసినవాళ్ళ ఇంట్లో జరుగుతున్నదే రాశానన్నావు. మంచి విషయం పట్టుకున్నావు. మన కథల్లో అమెరికా అంటే ఇక్కడ మిగిలిపోయిన ముసలి తల్లిదండ్రులో, వీసా తిప్పలో. గ్రీన్ కార్డు చేతికొచ్చి, ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని బడిలో వేశాక కూడా ఒక పాత కోర్టు కాగితం ఆ కాపురాన్ని పెకలించగలదని రాసినవాళ్ళు తక్కువ. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు నాకు మింగుడుపడనిది చెప్తాను. భర్త ఆ దొంగతనం చేయనే లేదని, స్నేహితుడి నేరం నెత్తిన వేసుకున్నాడని కథ మధ్యలో తేల్చేశావు. అతను దోషి అయితే పాఠకులు ఆ ఇల్లాలి పక్కన నిలబడరేమోనని భయపడ్డావు కదూ? కానీ అతను నిర్దోషి అయిన మరుక్షణం ఆమె తేల్చుకోవాల్సింది ఏమీ మిగల్లేదు. నిర్దోషి భర్త కోసం ఎవరైనా పోరాడతారు, నలుగురూ మెచ్చుకుంటారు కూడా. పనిచేసే షాపు గల్లాలోంచి నిజంగానే డబ్బు తీసినవాడు, జడ్జి ముందు ఒప్పుకున్నవాడు, ఆ సంగతి భార్యకి ఏళ్ళ తరబడి చెప్పనివాడు, పిల్లలు మాత్రం నాన్నా నాన్నా అని ప్రాణం పెట్టేవాడు. ఆ మనిషి కోసం ఆమె ఏం చేయాలి? నువ్వు రాయాల్సిన కథ ఇది.

నేను చూసిన ఒక సంగతి చెప్తాను. నాకు తెలిసిన రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకాయన, అల్లుడికి ఇలాంటి కష్టమే వస్తే, అక్కడి జడ్జికి ఉత్తరం రాశారు. అల్లుడి నడవడిక గురించి బంధువులు, ఇరుగుపొరుగు, గుడి కమిటీవాళ్ళు రాసిన ఉత్తరాలు లాయర్లు పోగుచేసి కోర్టుకిస్తారు. రూళ్ళ కాగితం మీద, గీత దాటని అక్షరాలతో, తెలుగులోనే రాశారు. అత్తగారి కంటి ఆపరేషనుకి అల్లుడు డబ్బు పంపడం, పండక్కి వస్తే వంటింట్లో కూర్చుని కూరలు తరగడం, అన్నీ ఉన్నాయి. నేరం దగ్గరికొచ్చేసరికి 'జరిగినది అందరికీ తెలిసిందే' అని దాటేశారు. లాయరు తిప్పి పంపింది. ఏ షాపులో, ఏ సంవత్సరం, ఏం తీశాడో మీకు తెలుసని రాయండి, తెలిసీ మంచివాడంటున్నానని రాయండి, తెలియనట్టు రాస్తే జడ్జి దాన్ని లెక్కలోకి తీసుకోడు అంది. ఆయన నా ఎదురుగా కూర్చునే కొత్త కాగితం తీశారు. షాపు పేరు దాకా రాసి, పెన్ను మూత పెట్టేసి, 'రేపు రాస్తానమ్మా' అని లేచి వెళ్ళిపోయారు. మర్నాడు పూర్తిచేశారు. ఇంగ్లిష్ అనువాదం, అది సరైనదేనని అనువాదకుడి సంతకం, అన్నీ జతచేసి పంపారు. ఆ రెండో ఉత్తరం నేను చదివాను. మొదటిది చదివినప్పుడు ఆయన మీద జాలి వేసింది. రెండోది చదివాక ఆ అల్లుడి మీద నాకు నమ్మకం కుదిరింది. నువ్వు పాఠకులకి రాస్తున్నదీ అలాంటి ఉత్తరమే.

ఇక చట్టం సంగతి. ఇక్కడ నీ కథకి గట్టి మరమ్మతు కావాలి.

ఏడాది జైలు శిక్ష వేసి, దాన్ని అమలు చేయకుండా ప్రొబేషన్ మీద వదిలేశారని రాశావు. చివర్లో మాత్రం పిల్లల ఫోటోలు, మామగారి ఉత్తరం చూసి జడ్జి కరిగిపోయి ఉండనిచ్చేశాడు. ఈ రెండూ ఒకే కథలో పొసగవు. దొంగతనానికి ఏడాది, అంతకు మించి శిక్ష వేస్తే, ఒక్క పూట జైల్లో ఉండకపోయినా, వలస చట్టం దాన్ని 'అగ్రవేటెడ్ ఫెలనీ'గా, అంటే తీవ్రమైన నేరంగా లెక్కగడుతుంది. శిక్ష నిలిపేసినా సరే, కాగితం మీద ఎంత పడిందన్నదే లెక్క. అంతకుముందు ఈ గీత ఐదేళ్ళ దగ్గర ఉండేది, 1996లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం దాన్ని ఏడాదికి దించింది. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్ళు దాటి, సక్రమంగా ప్రవేశించి ఏడేళ్ళుగా అక్కడే ఉన్నవాడైతే, నన్ను పంపకండి అని జడ్జిని వేడుకోవచ్చు. అగ్రవేటెడ్ ఫెలనీ ఉంటే ఆ తలుపు మూతపడుతుంది. జడ్జికి మనసున్నా అధికారం ఉండదు. భార్య అమెరికా పౌరురాలైతే లాయర్లు వేరే దారులు వెతుకుతారు. నీ కథలో ఆమెకి పౌరసత్వం లేదు, పిల్లలు చిన్నవాళ్ళు.

అదే శిక్ష 364 రోజులు పడి ఉంటే? దొంగతనం అగ్రవేటెడ్ ఫెలనీ అయ్యేది కాదు, ఆ ఉత్తరాలన్నీ జడ్జి చదివేవాడు. ఈ ఒక్క రోజు తేడా వల్ల ఎన్ని కాపురాలు పోతున్నాయో చూసే, కాలిఫోర్నియా 2015 నుంచి, న్యూయార్క్ 2019 నుంచి చిన్న నేరాలకి గరిష్ఠ శిక్షను 364 రోజులకి కుదించాయి. టెక్సాస్‌లో మాత్రం, అంటే నీ డల్లాస్ ఉన్నచోట, చిన్న నేరాల్లో పై తరగతి అయిన క్లాస్ ఏ మిస్‌డిమీనర్ గరిష్ఠ శిక్ష ఏడాదే. కాబట్టి నీ ముందున్నవి రెండు దార్లు. శిక్ష తగ్గించి రాసి, జడ్జి చేతిలో నిర్ణయం పెట్టు. లేదా ఏడాదే ఉంచి, ఆ ఉత్తరాలు ఎవరూ చదవకుండానే ఫైల్లో ఉండిపోతాయని రాయి. నన్నడిగితే రెండోదే రాయమంటాను. హెడ్మాస్టరు గారిలా నీ కథలో మామగారు అంత కష్టపడి రాసిన ఉత్తరం చెల్లని చోట, అది రాయడం ఎందుకో పాఠకుడే ఆలోచిస్తాడు.

సంక్రాంతికి భర్త బెయిలు మీద ఇంటికొచ్చి వీడియో కాల్‌లో బొబ్బట్లు చూసి ఏడ్చిన సన్నివేశం తీసెయ్. అలాంటి శిక్ష ఉన్నవాణ్ణి అక్కడి వలస అధికారులు, ఐస్ వాళ్ళు, పట్టుకుంటే కేసు తేలేదాకా నిర్బంధంలోనే ఉంచాలని చట్టం. ఆ కేంద్రానికి మనం ఫోన్ చేస్తే అతనికి కలపరు, అతనే చేయాలి. దీన్ని వాడుకో. మారతహళ్ళి ఇంట్లో ఆ అమ్మాయి ఫోను వదలదు. స్నానానికి వెళ్తే సబ్బుల అరలో పెట్టుకుంటుంది. తెలియని నంబరు నుంచి లోన్ కావాలా అని కాల్ వస్తే కూడా గుండె ఝల్లుమంటుంది. డల్లాస్‌లో పొద్దున ఎనిమిదిన్నరకి విచారణ అంటే వేసవిలో ఇక్కడ సాయంత్రం ఏడు, చలికాలంలో ఎనిమిది. పిల్లలకి అన్నం పెట్టే వేళ. బొబ్బట్ల కన్నీళ్ళకంటే ఆ అన్నం కలపడం రాయి.

నేరం ఒప్పుకున్న రోజును ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగాలి. జే లీ అనే ఆయన కేసు చదువు. పదమూడేళ్ళ పిల్లాడిగా 1982లో కొరియా నుంచి అమెరికా వచ్చాడు, పెద్దయ్యాక మెంఫిస్‌లో రెస్టారెంట్లు నడిపాడు. మత్తుమందుల కేసులో దొరికాడు. ఒప్పుకుంటే దేశం నుంచి పంపేస్తారా అని లాయర్ని పదేపదే అడిగాడు. పంపరన్నాడు లాయరు. కోర్టులో జడ్జి, డిపోర్ట్ అయ్యే ప్రమాదం ఉంది, అది నీ నిర్ణయాన్ని మారుస్తుందా అని అడిగితే, అవునన్నాడు లీ. ఎలా అంటే, అర్థం కాలేదన్నాడు. పక్కకి తిరిగి లాయర్ని అడిగితే, ఇది అందరికీ చెప్పే హెచ్చరికేలే అన్నాడు. లీ ఒప్పేసుకున్నాడు. ఏడాది మీద ఒక రోజు శిక్ష పడింది. చివరికి 2017లో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది. అంతకుముందే 2010లో, పడీయా అనే ట్రక్కు డ్రైవరు కేసులో, డిపోర్టేషన్ ముప్పు గురించి ముద్దాయికి చెప్పడం డిఫెన్స్ లాయరు బాధ్యత అని అదే కోర్టు తేల్చింది. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేసి, నలభై ఏళ్ళుగా అమెరికాలోనే ఉంటున్న మనిషి ఆ పడీయా. నీ కథలో భర్త ఒప్పుకున్న ఆ కొద్ది నిమిషాల్లో లాయరు ఏమన్నాడో, ఇతనికి ఏం వినపడిందో, ఇంటికెళ్ళి భార్యకి ఏమని చెప్పాడో రాయి. కేసు కొట్టేశారు అని చెప్పి ఉంటాడు. చాలామంది అలాగే చెప్తారు.

అది ఎప్పుడు బయటపడుతుందంటావా? పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు. వేలిముద్రలిస్తే పాత కేసు తెర మీదికి వస్తుంది. కథ అక్కడ మొదలుపెట్టు. ఆ ఇంట్లో అది శుభకార్యం లాంటి రోజు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వేలిముద్రలకి వెళ్ళాడు. వద్దని ఆపడానికి ఆమెకేం తెలుసు?

ఒక తప్పుకి రెండు శిక్షలా అని మామగారి చేత అడిగించావు. బాగుంది, ఉంచు. దానికి ఆ దేశం చెప్పే జవాబు కూడా తెలుసుకుని రాయి. దేశం నుంచి పంపేయడం నేరానికి శిక్ష కాదని అమెరికా సుప్రీంకోర్టు 1893లోనే అంది. ఆ తీర్పులోనే బ్రూవర్ అనే న్యాయమూర్తి విభేదించాడు. ఇల్లూ కుటుంబమూ వదిలించి సముద్రం దాటించడం శిక్షేనని, అదీ క్రూరమైనదని రాశాడు. ఆయన మాట చెల్లలేదు. శిక్ష కాదన్నారు కాబట్టే వలస కోర్టులో ప్రభుత్వం లాయర్ని ఇవ్వదు. నీ ఖర్చుతో నువ్వు పెట్టుకోవాలి. మారతహళ్ళి ఇంటి మీద అప్పు తెచ్చిన వాక్యం ఒకటి రాశావు చూడు, దాని వెనక ఇంత కథ ఉంది.

2025 ఫిబ్రవరిలో అమెరికా నుంచి సంకెళ్ళతో విమానంలో తెచ్చి అమృత్‌సర్‌లో దింపిన 104 మంది బొమ్మ మన పాఠకుల కళ్ళలో ఉంది. సరైన కాగితాలు లేవని పంపేసినవాళ్ళు వాళ్ళు. నీ కథలోని మనిషికి అన్ని కాగితాలూ ఉన్నాయి. ఆ తేడా మొదటి పేజీల్లోనే తెలిసేలా చెయ్యి.

ఇప్పుడు అసలు కథానాయిక. తండ్రి ఆపరేషనుకని వచ్చి ఇక్కడ ఇరుక్కుపోయింది. ఆమెకీ గ్రీన్ కార్డుంది. ముందే రీఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా ఏడాది మించి బయట ఉంటే ఆ కార్డుతో తిరిగి వెళ్ళలేదు. భర్త ఫోను కోసం కూర్చుంటే తన కార్డు చేజారుతుంది. కార్డు నిలబెట్టుకోవడానికి వెళ్తే, అతన్ని బెంగళూరు పంపేసిన రోజున ఆమె డల్లాస్‌లో ఉంటుంది. అగ్రవేటెడ్ ఫెలనీతో వెళ్ళగొడితే, అక్కడి ప్రభుత్వం ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప అతనికి జీవితాంతం ప్రవేశం లేదు. పిల్లలు అక్కడ పుట్టినవాళ్ళు, అమెరికా పౌరులు. వాళ్ళు బెంగళూరులో స్థిరపడాలంటే విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డో, తగిన వీసానో కావాలి. శాంతినగర్ బీఎంటీసీ బస్టాండు భవనంలో విదేశీయుల నమోదు చూసే ఎఫ్ఆర్‌ఆర్‌ఓ ఆఫీసు ఉంది, ఒకసారి వెళ్ళి కాసేపు కూర్చో. తండ్రిని పరాయివాడని ఒక దేశం పంపేస్తుంటే, పిల్లల్ని విదేశీయులుగా నమోదు చేయించడానికి తల్లి ఇక్కడ ఫైలు పట్టుకుని నిలబడుతుంది. నువ్వు ఈ సంగతి ముట్టుకోనేలేదు. నేనైతే కథలో మూడో వంతు దీనికే ఇస్తాను.

ఆమె వెళ్తుందా, ఉంటుందా? నేను చెప్పను. ఏది చేసినా అతని తప్పు ఆమెకి పూర్తిగా తెలిసి చేయాలి. అతని మీద కోపం ఉండనీ. వదిన ఫోన్ చేసి ప్రాజెక్టు అయిపోయిందటగా అంటే అవునని అబద్ధమాడి, పెట్టేశాక తన మీద తనకే మంటెత్తనీ. మంచి భార్యగా చూపించాలని తాపత్రయపడకు.

ఇంకొకటి, నీకు ధైర్యం ఉంటేనే. కొన్ని ఇళ్ళల్లో ఆ కేసు మొదలైంది భార్య చేసిన ఫోన్ కాల్‌తోనే. దెబ్బ తిని, పిల్లలు భయపడి ఏడుస్తుంటే, 911కి ఫోన్ చేసింది. ఇంట్లో హింసకి శిక్ష పడటం కూడా 1996 నుంచి డిపోర్టేషన్ కారణమే. నీ వల్లే వాడి బతుకు పాడైందని అత్తింటివాళ్ళూ, ఒక్కోసారి పుట్టింటివాళ్ళూ ఆమెనే తప్పుపడతారు. ఆమె ఫోన్ చేసి తప్పు చేయలేదు. ఆ కథ ఎవరైనా రాయాలి, రాసేవాళ్ళు ఆ మాటలో తడబడకూడదు. ఈ కథలో ఇరికించకు, అది వేరే కథ.

చివరగా, మనసులో పెట్టుకో. ఇది నీకు తెలిసినవాళ్ళ సంగతి, కేసు ఇంకా నడుస్తోంది. అచ్చయిన కథలో ఊరూ షాపూ ఉద్యోగమూ గుర్తుపట్టేలా ఉంటే, అతను ఒప్పుకోని మాట నువ్వు ఒప్పించినట్టు రాస్తే, అది వాళ్ళ మెడకి చుట్టుకోవచ్చు. కేసు తేలేదాకా ఏ పత్రికకీ పంపకు. తేలాక కూడా ముందు ఆ అమ్మాయికి చదివి వినిపించు. వద్దంటే మానెయ్. సరేనంటే డల్లాస్ మార్చు, షాపు మార్చు. కాకపోతే రాష్ట్రం మారిస్తే శిక్షల లెక్కా మారుతుంది, చూసుకో.

కొత్త ప్రతి నాకు చేత్తో రాసి పంపినా పర్లేదు, టైపు చేసి పంపినా పర్లేదు. వేలిముద్రల రోజుతో మొదలైందా లేదా అన్నది ముందు చూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ