భార్య మెదడు ఆపరేషన్‌కు డబ్బు సాయం ఎక్కడ అడగాలి?

హన్మకొండ నుంచి ఒకరు అడిగారు: "మా ఆవిడకు మొయామొయా అన్నారు. బైపాస్ చేయాలట. అంత డబ్బు మా దగ్గర లేదు."

మొయామొయాలో మెదడుకు రక్తం అందించే పెద్ద నాళాలు మెల్లమెల్లగా సన్నబడిపోతాయి. రక్తం వేరే దారిలో మెదడుకు చేరేలా చేసేదే ఈ బైపాస్. ఆలస్యమైతే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి, డాక్టర్ల చుట్టూ తిరగడం, డబ్బు చూసుకోవడం ఒకేసారి జరగాలి.

ముందు ఆరోగ్యశ్రీ చూడండి. 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఈ ఆపరేషన్ అందులో వస్తుందో లేదో అడ్మిట్ కాకముందే ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి.

రాదంటే ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది. నిమ్స్‌లో అయితే ఆపరేషన్‌కు ముందే ఎల్‌ఓసీకి, అంటే ఖర్చు సహాయనిధి నుంచి ఇస్తామని ఆసుపత్రికి రాసే హామీ లేఖకు, ప్రయత్నించవచ్చు. నా ఓటు దానికే. ప్రైవేటులో ముందు మీరే కట్టి, తర్వాత ఒరిజినల్ బిల్లులతో దరఖాస్తు చేయాలి. మామూలుగా కొంత భాగమే తిరిగి వస్తుంది. ఎమ్మెల్యే లేదా ఎంపీ సిఫారసు లేఖ తీసుకోండి.

ఎల్‌ఓసీ కోసం ఆసుపత్రి ఇచ్చే ఎస్టిమేట్ (ఖర్చు అంచనా) కాగితం చేతికి రాగానే అక్కడే నిలబడి చదవండి. ఆపరేషన్ పేరు, డాక్టర్ సంతకం, ముద్ర ఉండాలి. ఆధార్‌లో ఆమెకు పుట్టింటి ఇంటిపేరే ఉంటే, కాగితంలోనూ అదే రాయించండి.