మీ కథ మూడో పేజీలో మొదలైంది

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. కథా రచయిత్రిని కావాలన్నది నా కోరిక. ఏడాదిలో పదకొండు కథలు మొదలుపెట్టాను. ఒక్కటీ మూడు పేజీలు దాటలేదు. మొదటి వాక్యం దగ్గరే రోజులు గడిచిపోతున్నాయి. ఒక కథ ఆరంభం పంపుతున్నాను. ఈ రంగం నాకు సరిపడదంటారా?

జవాబు: మీరు పంపిన పేజీలు రెండుసార్లు చదివాను. మొదటి పేజీలో ఒక అమ్మాయి నిద్ర లేస్తుంది, కిటికీలోంచి వాన చూస్తుంది, అద్దం ముందు నిలబడుతుంది. రెండో పేజీ అంతా కుటుంబ పరిచయం. మూడో పేజీ సగానికి వచ్చాక, పెన్ను కోసం నాన్న సంచీ వెతుకుతుంటే ఆయనను ఉద్యోగం నుంచి తీసేసిన ఉత్తరం దొరుకుతుంది. మీరు అక్కడ ఆపేశారు. సరిగ్గా కథ పుట్టిన చోట!

మొదటి రెండు పేజీలూ ఆ అమ్మాయి ఎవరో తెలుసుకోవడానికి మీకు మీరు రాసుకున్నవి. అవి అవసరమే, కానీ పాఠకుడికి చూపించనక్కరలేదు. కథ రాయడం పూర్తయ్యాక దాని మొదలూ చివరా కొట్టేయాలని, రచయితలు ఎక్కువగా అబద్ధాలాడేది అక్కడేనని రష్యన్ కథకుడు చెహోవ్ తనతో అన్నట్టు మరో రష్యన్ రచయిత బూనిన్ రాశారు. అంత గొప్ప కథకుడు కూడా మొదలును ముందే చెక్కుకోమనలేదు, రాశాక కొట్టేయమన్నారు.

మీ కథ ఇలా ఎత్తుకుంటే ఎలా ఉంటుందో చూడండి: ‘పెన్ను కోసం నాన్న సంచీలో చెయ్యి పెడితే మడత పెట్టిన కాగితం తగిలింది. తేదీ చూసింది. మూడు వారాల కిందటిది. ఈ మూడు వారాలూ ఆయన రోజూ వేళకే తయారై ఆఫీసుకు వెళ్లాడు.’ వాన లేదు, అద్దం లేదు. అయినా ఆ ఇల్లు ఎలాంటిదో, ఆ తండ్రి ఎంత అభిమానం గలవాడో అప్పుడే తెలిసిపోతోంది. ఇక ఆమె ముందు రెండు దారులు: అమ్మకు చెప్పడం, లేదా కాగితం మళ్లీ అదే మడతలో పెట్టేయడం. ఏ దారి పట్టినా ఒకరు నొచ్చుకుంటారు. ముగింపు మీకు ఇప్పుడే తెలియనక్కరలేదు. ఆ రాత్రి ఆమె నోరు విప్పుతుందా లేదా అన్నది తేల్చుకుంటే రేపటి పేజీ కదులుతుంది.

మొదటి వాక్యం కోసం పైన రెండు గీతలు ఖాళీ వదిలి ముందుకు సాగండి. కథ పూర్తయ్యాక ఆ వాక్యం మీకు చాలా సులువుగా దొరుకుతుంది. ఎందుకంటే కథ దేని గురించో అప్పటికి గాని రాసినవారికి తెలియదు.

ఇక రంగం సంగతి. ఆరంభాలు చూసి ఎవరి భవిష్యత్తూ చెప్పలేం. పూర్తి చేసిన నాలుగైదు కథలు ఉంటే మాట్లాడుకోవచ్చు. అయితే కథలనే జీవనాధారం చేసుకోవాలని ఇప్పుడే నిర్ణయించుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇంటి ఖర్చుల బరువు మోపితే కథ బెదిరిపోతుంది. చెహోవ్ వైద్యుడు. ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథనీ ట్రాలప్ తపాలా శాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశారు. ఉదయం 5:30కే బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 పదాలు రాసేవారు. అలా 47 నవలలు వచ్చాయి. మీరు అంత వేగం పెట్టుకోకండి. రోజుకు ఒక అరగంట, అదీ ఒకే వేళలో, చాలు. నిన్న రాసింది ఒకసారి చదువుకోండి, దిద్దకండి. మీ పదకొండు కథలనూ ఆపేసింది ఆ దిద్దుబాటే అని నా అనుమానం.

మిగిలిన పది ఆరంభాలనూ పారేయకండి. ఆ ఉత్తరం లాంటిది ఎక్కడ తగులుతుందో వెతికి పెన్సిలుతో గీత గీసుకోండి. ముందు మాత్రం ఈ అమ్మాయి సంగతి తేల్చండి. రాత్రి భోజనాల దగ్గర నాన్న ఆఫీసు కబుర్లు చెబుతుంటే ఆమె ఏం చేసిందో తెలుసుకోవాలని నాకూ ఉంది.