కథను చివరిదాకా చదివాకే పేరు పెట్టండి

పుట్టబోయే పాపకు గ్రీకు పురాణాల నుంచి పేరు పెట్టాలనుకుంటున్నామని, అర్థం చూడాలా, పలకడానికి సులువుగా ఉండటం చూడాలా అని మీరు అడిగారు. పలకడం నాలుగు రోజుల్లో అందరికీ అలవాటవుతుంది. అర్థం మాత్రమే చూసి పేరు పెట్టినందుకు నేను పడిన బాధ మీకు చెప్పాలి.

మా పెద్దమ్మాయి పేరు డాఫ్నీ. ఒక పేర్ల జాబితాలో ‘లారెల్ చెట్టు’ అన్న అర్థం చూసి, విజేతల శిరస్సును అలంకరించే కిరీటం ఆ ఆకులతోనే అల్లుతారని మురిసిపోయి పెట్టాము. తనకు 8 ఏళ్లు వచ్చాక ఒక రాత్రి తన పేరు వెనుక కథ చెప్పమంటే, రోమన్ కవి ఓవిడ్ రాసిన ‘మెటమార్ఫసీస్’ కావ్యం మొదటి భాగంలో ఉన్నది చెప్పాను. అపోలో దేవుడు మోహంతో వెంటపడటం, డాఫ్నీ పరుగెత్తి పరుగెత్తి అలసిపోయి, నదీదేవుడైన తండ్రి పెనియస్‌ను వేడుకోవడం, పాదాలు వేళ్లూని జుట్టు ఆకులుగా మారడం, చివరికి ఆ ఆకులనే అపోలో తన తలకు చుట్టుకోవడం వరకూ విని, అమ్మాయి లేచి కూర్చుంది. “నాన్నా, వాళ్ల నాన్న అతణ్ణి ఆపకుండా, తననెందుకు చెట్టును చేశాడు?” అని అడిగింది. నేను ఏమీ చెప్పలేకపోయాను. తను నిద్రపోయాక కూడా చాలాసేపు ఆ మంచం పక్కనే కూర్చున్నాను.

అందుకే ఆ జాబితాలు తయారుచేసేవారంటే నాకు కోపం. పండోరా అంటే ‘అన్ని వరాలూ పొందినది’ అని రాస్తారు గాని, ఆమె తెరిచిన జాడీలోంచి లోకం మీదికి వచ్చిపడిన కష్టాల మాట రాయరు. మహావీరుడు హెరాక్లీస్ పేరుకు ‘హెరా దేవత కీర్తి’ అని అర్థం అంటారు. ఆ హెరాయే అతణ్ణి పసితనం నుంచి వేధించిందని చెప్పరు.

మీరు అనుకున్న పేరు కథను, ఎదురుగా 8 ఏళ్ల పాప ఉన్నట్టుగా, మీ దంపతులు ఒకరికొకరు పైకి చెప్పుకోండి. ఎక్కడైనా దాటవేయాలనిపిస్తే ఆ పేరు వదిలేయండి.

విషాదాంతమైన కథలన్నీ వద్దని నేననను. ట్రాయ్ యుద్ధం గురించిన గ్రీకు కావ్యం ‘ఇలియడ్’ మొత్తం చదివాకే మా అబ్బాయికి అందులోని ట్రాయ్ వీరుడు హెక్టర్ పేరు పెట్టాము. 6వ భాగంలో, తండ్రి శిరస్త్రాణం మీది గుర్రపు వెంట్రుకల కుచ్చు చూసి హెక్టర్ పసికొడుకు జడుసుకుని ఏడిస్తే, హెక్టర్ నవ్వి, దాన్ని తీసి నేల మీద పెట్టి, బిడ్డను ఎత్తుకుని ముద్దాడుతాడు. ఆ హెక్టర్ తర్వాత గ్రీకు వీరుడు అకిలీస్ చేతిలో చనిపోతాడని కూడా మావాడికి దాచకుండా చెప్పాను. ఇప్పటికీ పడుకునే ముందు ఆ శిరస్త్రాణం తీసిన ఘట్టమే మళ్లీ మళ్లీ చెప్పించుకుంటాడు.